బోరింగు దగ్గర దొరికిన నొప్పి

ఆకుకూర లేకుండా మా ఇంట్లో వంట ముగియదు. పుంటికూరో, చుక్కకూరో, ఏదో ఒకటి ఉండాలి. నేరేడు కాలంలో ఇంటిల్లిపాదికీ నాలుకలు నీలమే. నాది గుండెజబ్బు. పెద్ద రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయని, సన్నవే అవసరానికి సరిగ్గా తెరుచుకోవని తర్వాతి పరీక్షల్లో తేలింది. అలాంటివాళ్ళ ఒంట్లో యాంటీ ఆక్సిడెంట్లు ఎంత ఉన్నాయి, గుండె ఎలా పనిచేస్తోంది అని ఇప్పుడు పరిశోధనలు చేస్తున్నారట. మా అమ్మాయి చదివి చెబితే నవ్వొచ్చింది. యాంటీ ఆక్సిడెంట్లన్న మాటే ఎరగని మా అత్త, ఆ రోజుల్లోనే డాక్టరు కూరలూ పండ్లూ తినమన్నాడని నన్ను మేపినంత పని చేసింది.

ఎనభైల మొదట్లో ఎమ్మిగనూరులో మాది మగ్గం ఇల్లు. పొద్దున్నే వీధిలో పడుగు దారాలు పరిచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుకుంటూ నడవాలి. సగం దూరం పోయేసరికి నా రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి అదిమినట్టుండేది. కూర్చుంటే కాసేపటికి తగ్గేది. ఊళ్ళో ఈసీజీ తీయిస్తే కాగితం మీద గీతలు బాగున్నాయన్నారు. మళ్ళీ చేయించినా అదే మాట.

"పని అంటేనే నొప్పి వస్తాది ఈమెకు, అన్నమంటే రాదు" అనేది మా ఆడబిడ్డ. ఆ మాటకు ఒళ్ళు మండేది. కానీ పోనుపోను, నిజంగా నేనే కల్పించుకుంటున్నానా అని నాకే అనుమానం పట్టుకుంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అత్త మాత్రం నమ్మింది. ఆదోనిలో మంచి డాక్టరున్నాడని తెలిసి బయలుదేరదీసింది. ఆసుపత్రికి పోవడమంటే ఆమెకు పెళ్ళికి పోయినట్టే. ముందురోజు నుంచే నన్ను పుల్ల ముట్టనివ్వలేదు. తలంటి, కొత్త చీర కట్టించి, బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టింది.

"వాడిన మొగంతో పోతే కోడలికి కూడు పెట్టలేదంటారు" అంది.

ఆదోని డాక్టరుగారు పెద్దాయన, ముసల్మాను. నన్ను పడుకోబెట్టి గీతలు తీశారు. ఈసారీ బాగానే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఆయన యంత్రం పక్కన పెట్టి అడిగారు, "నొప్పి ఎప్పుడు వస్తాదమ్మా?"

"పడుగు దువ్వేటప్పుడు, నీళ్ళు కొట్టేటప్పుడు సార్."

"ఈ పొద్దు ఏం పని చేసినావు?"

"ఏమీ చెయ్యనీలేదు సార్" అని అత్త గర్వంగా చెప్పింది. "ఆస్పత్రికి వచ్చే ప్రతిసారీ పండబెట్టే తెస్తాను."

డాక్టరుగారు నవ్వేశారు. ఆసుపత్రి వెనక బోరింగు ఉంది. నర్సును నా పక్కన నిలబెట్టి, తాను నాడి పట్టుకుని, నొప్పి రాగానే చెప్పమని నన్ను నీళ్ళు కొట్టమన్నారు. బిందె నిండకముందే రొమ్ము మీద ఆ మోకాలు వచ్చి కూర్చుంది. వెంటనే లోపల పడుకోబెట్టి గీతలు తీశారు. ఈసారి గీత కిందికి జారింది. నాలుక కింద మాత్ర పెట్టారు.

"నొప్పి నిజమే తల్లీ, పని చేస్తేనే గీతల్లో కనబడతాది" అన్నారు.

అంత నొప్పిలోనూ నాకు పండగలా ఉంది. అత్త మాత్రం గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. "ఆ నొప్పిని నేనే నిద్రబుచ్చి తెచ్చినానా సార్?" అని అడిగింది.

"నీ ప్రేమ ఎక్కువైంది, అంతే" అన్నారాయన. ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ రెండు చేతులూ వాటంతటవే కలుస్తాయి.

ఇల్లు చేరేసరికి ఆడబిడ్డ అరుగు మీదే ఉంది. "ఏమన్నాడు డాక్టరు?" అని అడిగింది. చదువురాని మా అత్త సంచిలోంచి ఆ గీతల కాగితం తీసి వీధివీధంతా చూసేటట్టు పట్టుకుంది.

"ఈడ సూడు. నా కోడలు అబద్ధం సెప్పలేదు."

కాగితం తలకిందులుగా ఉంది. నేను సరిచేయలేదు.