రూతును తీసేస్తే వచ్చిన సగటు

ఇన్నేళ్లూ ఈ బరువును మింగలేక కక్కలేక మోశాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. లెక్కల మాస్టరునై ఉండి, ఒక పిల్లను లెక్కలోంచి తీసేశాను.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తల్లో కృత్తివెన్ను అవతల ఉప్పునేలల్లో ఒక చిన్న బడిలో పనిచేసేవాణ్ణి. ఒక్కణ్ణే వండుకుని, ఒక్కణ్ణే తిని, పొద్దు గూకితే పలకరించే దిక్కులేక కాలవగట్టు మీద కూర్చునేవాణ్ణి. బందరు బదిలీ తప్ప నాకు వేరే ఆశ లేదు. ఇన్‌స్పెక్షనులో అయిదో తరగతి సగటు బాగుంటే సిఫారసు చేస్తానని బడి మేనేజరుగారు మాటిచ్చారు.

ఇన్‌స్పెక్టరుగారు పిల్లలకు పది లెక్కలిచ్చి, అందరి మార్కులూ కూడి, ఆ రోజు బడికొచ్చిన తలల లెక్కతో భాగించి, వచ్చిన ఆ ఒక్క అంకె రాసుకుని వెళ్లేవారు. నా క్లాసులో ఏడుగురు. ఆరుగురికి ఏడేసి మార్కులు ఖాయం. ఏడోది రూతు. రొయ్యలు ఎండబెట్టే పని ఉన్నప్పుడల్లా బడి మానేది, పలక చూస్తే బిగుసుకుపోయేది. దానికి సున్నా. అప్పుడు సగటు ఆరు. ఆరు మార్కులు వచ్చినవాళ్లు క్లాసులో ఒక్కరూ ఉండరు, అయినా క్లాసంతా ఆరే.

పిల్లల్ని మార్కుల వరుసలో నిలబెట్టి నడుమనున్నవాణ్ణి అడిగితే ఏడు అనేవాడు. ఎక్కువమందికి వచ్చిందెంత అన్నా ఏడే. మధ్యగతం, బాహుళకం అని వాటికి పేర్లున్నాయి, ట్రైనింగులో చదివాను. రూతు క్లాసులో ఉన్నా అవి చెక్కుచెదరవు. ఆ మాట ఇన్‌స్పెక్టరుగారికి విన్నవించవచ్చు కదా? నోరు పెగల్లేదు. పెద్దాయనకు చెప్పడం కన్నా చిన్నపిల్లకు చెప్పడం తేలిక అనిపించింది. ఎంత పిరికివాణ్ణి!

ఇన్‌స్పెక్షనుకు ముందురోజు బడి వదిలాక రూతును ఆపాను.

"రేపు రాకు రూతూ. నువ్వు లేకపోతే క్లాసు సగటు పెరుగుతుంది," అన్నాను. నల్లబల్ల మీద కూడి, భాగించి చూపించాను కూడా.

బల్ల మీది రెండు అంకెలనూ మార్చి మార్చి చూసింది. "అయితే ఎల్లుండి నేనొస్తే మళ్లీ తగ్గిపోద్ది కదండీ?" అంది.

నేను బల్ల తుడిచాను.

సగటు ఏడు వచ్చింది. మేనేజరుగారు వీపు తట్టారు. రూతు ఆ ఎల్లుండి రాలేదు, ఆ తర్వాతా రాలేదు. వాళ్ల పేట కేకవేస్తే వినపడేంత దూరం. వెళ్లి ఒక్కసారి పిలిస్తే వచ్చేదే. బదిలీ ఆర్డరు వచ్చాక వెళ్దాంలే అనుకున్నాను. ఆర్డరు వచ్చింది, బస్సెక్కేశాను. పిలవడం మరిచిపోయానా? లేదు. దాని మొహం చూడలేక వెళ్లలేదు.

బందరులో కావలసినంతమంది జనం. నాకు మాత్రం ఎవరూ దగ్గర కాలేదు, నేనే కానివ్వలేదేమో. ఇప్పటికీ ఒక్కణ్ణే వండుకుంటున్నాను. క్లాసులో సగటు పాఠం వచ్చిన రోజున పేజీ తిప్పి తర్వాతి పాఠానికి పోతాను.

మీకు చెప్పాక ఊపిరి కాస్త ఆడుతోంది. క్షమించమని అడగను, మీరు రూతు కారు. ఆ పిల్లకు లెక్కలు రావని తేల్చేసినవాణ్ణి నేను. సగటంటే ఏమిటో ఆ క్లాసులో నిజంగా అర్థమైంది దానికొక్కదానికే. అవునమ్మా, సరిగ్గా చెప్పావు అనలేదు. తగ్గితే తగ్గనీ, నువ్వు రా అని అసలే అనలేదు.