కోపంతో ఎక్కిన కొండ

నన్ను కొండ మీదికి పంపింది నా తెలివి చూసి కాదు. నాకు ముందు పంపిన మగ పంతుళ్లెవరూ అక్కడ నిలవలేదు. ఒకాయన జ్వరంతో దిగివచ్చాడు, ఇంకొకాయన పెళ్లి నెపం పెట్టి దిగివచ్చాడు. చివరికి మిషన్ దొరసాని నన్ను పిలిచి, "నీకు ఎవరూ లేరు కదా, నువ్వు వెళ్లు" అంది. నిజమే, ఎవరూ లేరు. విజయనగరం దగ్గరి పల్లెలో కలరా నా వాళ్లందరినీ ఊడ్చుకుపోతే మిషన్ అనాథాశ్రమంలో పెరిగాను, అక్కడే పంతులమ్మ చదువు పూర్తిచేశాను. ఆ మాట దయతో అన్నాననుకుంది ఆవిడ. నాకు ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

కొండల్లో తిరుగుబాటు అణిగి అప్పటికి ఎంతో కాలం కాలేదు. పెదబయలు దాటి నేను చేరిన ఊళ్లో పోలీసు దండు విడిది చేసి, కోళ్లన్నీ తిని, మగవాళ్లను చావగొట్టి వెళ్లింది. కింది నుంచి తెల్లచీర కట్టుకుని, చంకలో పుస్తకాలు పెట్టుకుని వచ్చిన ఆడదాన్ని ఆ ఊరు ఏ కళ్లతో చూస్తుంది? నేను వీధిలో అడుగుపెట్టగానే తలుపులు మూసుకున్నారు. ఒక ముసలమ్మ మాత్రం బయటే ఉండి, నేను చూస్తుండగా ఉమ్మింది.

ఊరి పెద్ద తన ఇంటి ముందు కూర్చుని అడ్డాకు చుట్ట కాలుస్తున్నాడు.

"ఏటి పని మీదొచ్చినావు?"

"ఆడపిల్లలకు చదువు చెప్పడానికి."

"గుంటలకా?" నవ్వాడు. "గుంటలు బడికెల్తే గొడ్లెవులు కాత్తారు? సంటోల్లనెవులు ఎత్తుకుంటారు? గుంటలకి సెప్పడానికి నువ్వు, గుంటల్నిచ్చీడానికి మేమూనా? బేగి దిగిపో, సీకటడితే దారి కానరాదు."

నేను దిగలేదు. నా చేతిలో పైవాళ్ల ఉత్తర్వు ఉందని భయపడి ఊరి చివర పాడుబడ్డ పశువులశాల చూపించాడు. పేడ ఎత్తిపోసి, గోడలు అలుక్కుని, ఒక మూల వంట, ఒక మూల పడక, మిగిలింది బడి చేసుకున్నాను.

ఆ ఊళ్లో మగపిల్లల బడి అప్పటికే ఒకటి ఉంది. పంతులు మైదానం మనిషి, చాలా ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. సాటి పంతులు కదా, ఒక మంచిమాట అంటాడని మొదటి రోజే వెళ్లి కనిపించాను. నన్ను గుమ్మం బయటే నిలబెట్టి, "పొద్దున్నే వచ్చి నా బడి వాకిలి ఊడ్చి, తరవాత నీ బడి చూసుకో" అన్నాడు. ఊడ్వనన్నాను. నా కులం పేరు పెట్టి తిట్టాడు. "చీర తెల్లగా ఉంటే చాలదు, పుటక కూడా ఉండాలి" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

నెల దాటినా ఒక్క పిల్ల రాలేదు. నేను గుమ్మంలో కూర్చుని గట్టిగా అక్షరాలు చదివేదాన్ని. దారినపోయే ఆడవాళ్లు తలమీది కట్టెమోపుతో సహా మొహం తిప్పుకునేవాళ్లు.

మొదట వచ్చింది ఒక ఒంటరి ఆడమనిషి, కూతురిని చెయ్యిపట్టి ఈడ్చుకుంటూ. పిల్లకు తొమ్మిదో పదో ఏళ్లుంటాయి, రానని కాళ్లు తన్నుకుంటోంది.

"మా మాట ఆలకి తెల్దు, ఆల మాట మా ఆయనకి తెల్దు," అంది ఆ తల్లి. "పోలీసోలు ఏటో అడిగినారు. అర్దం కాక బుర్రూపినాడు. అట్టుకుపోయినారు. మరి రానేదు. ఈ గుంటకి ఆల మాటా, ఆల రాతా నేర్పు. ఇంకేటీ వొద్దు."

ఆ పిల్ల మొదటివారమంతా నాకు వీపు చూపించే కూర్చుంది. తరవాత మెల్లగా తిరిగింది. నేల మీద ఇసుక పరిచి వేలితో రాయించేదాన్ని. దాని వెనక ఇంకా కొందరు వచ్చారు, కొందరు చంకలో తమ్ముళ్లతో, కొందరు ఒళ్లంతా పొగవాసనతో. వాళ్లు నన్ను ఇష్టపడి వచ్చారని చెప్పను. వెక్కిరించేవాళ్లు, నా నడక అనుకరించేవాళ్లు. కానీ రాసేవాళ్లు. ఊరి పెద్ద కూతురు కూడా తండ్రికి తెలియకుండా, తమ్ముణ్ని ఎత్తుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడేది.

వానలు పడ్డాయి, మన్యం జ్వరం వచ్చింది. మిషన్ ఇచ్చిన క్వినైన్ పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. కొందరు తీసుకున్నారు, చాలామంది తలుపు తియ్యలేదు. అలా తలుపు తియ్యనివాటిలో ఊరి పెద్ద ఇల్లు ఒకటి. ఆయన చిన్న కొడుకు, అక్క చంకనెక్కి మా బడికి వచ్చే ఆ పసివాడు, చనిపోయాడు.

అప్పుడు పంతులు నోరు తెరిచాడు. "మొగుడూ లేదు, చుట్టమూ లేదు. దీపం పెట్టుకుని పుస్తకం చూసి గొణుగుతుంది. ఆ పిల్లాడు రోజూ ఆ గుమ్మం దగ్గరే కదా ఉండేది?" అని ఒకరి చెవిలో వేశాడు. నేను గొణిగేది సాయంకాలం ప్రార్థన. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు. మంచీ చెడూ చూసి చెప్పే దిసారి బియ్యపు గింజలు వేసి చూసి, కీడు ఊరి చివర నుంచి వచ్చిందన్నాడు. ఊరి చివర ఉన్నది నేనే. చిల్లంగి, అంటే చేతబడి, పెట్టానన్నారు.

చిల్లంగి పెట్టేవాళ్ల పళ్లు ఊడగొడితే ఇక నోట మంత్రం పలకదని అక్కడి నమ్మకం. పట్టపగలు, పిల్లలు రాస్తుండగా వచ్చారు. పిల్లలను బయటికి తోసేశారు. ఊరి పెద్దే నా తలను రెండు మోకాళ్ల మధ్య బిగించాడు. గెడ్డ వాగులోంచి తెచ్చిన నున్నటి రాయితో ఇంకొకడు కొట్టాడు. మగపిల్లల బడి అరుగు మీద నిలబడి పంతులు చూస్తున్నాడు. నేను అతన్ని పిలిచాను. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మొదట కూతురిని బడికి తెచ్చిన ఆ తల్లి పోడు చేలోంచి కత్తితో పరిగెత్తుకొచ్చింది. "నా గుంటకి జొరమొత్తే మందిచ్చి లేపింది ఈవిడే! సంపాలంటే ముందు నన్ను సంపండి!" అని అందరి మధ్యలోకి దూరింది. వాళ్లు జంకారు. అప్పటికే నా ముందరి పళ్లు, పైవి కిందివి, నేల మీద ఉన్నాయి.

ఆమె అన్నదమ్ములు నన్ను డోలీ కట్టి ఘాటీ దించారు. మిషన్ ఆస్పత్రిలో దొరసాని నా మంచం పక్కన కూర్చుని, పోలీసులకు చెప్పొద్దంది. చెబితే కొండలు మిషన్‌కు మూసుకుపోతాయట. "క్షమించు" అంది. నేను తల అడ్డంగా ఊపాను. క్షమించడం నాకు అప్పుడూ రాలేదు, తరవాతా రాలేదు. పోలీసులకు మాత్రం చెప్పలేదు. వాళ్లు వెళితే తప్పున్నా లేకున్నా వీధి వీధంతా కొడతారని నాకు తెలుసు. ఆ తల్లి గుడిసె కూడా అదే వీధిలో ఉంది.

గాయాలు మానాక మళ్లీ కొండ ఎక్కాను. ఆ పిల్లల మీద ప్రేమతో వెళ్లానని తరవాత మిషన్ సభల్లో నా గురించి చెప్పారు. అబద్ధం. కోపంతో వెళ్లాను. నన్ను తరిమేశామన్న తృప్తి ఆ ఊరికి, ఆ పంతులుకు దక్కకూడదని వెళ్లాను.

నేను పోలీసులకు చెప్పలేదని తెలిసి, ఊరి పెద్ద తప్పు చెల్లించడానికి మేకను తోలుకొచ్చాడు. అది వాళ్ల ఆచారం. మేకను ఇస్తే తగువు తీరిపోయినట్టే.

"మేక వద్దు," అన్నాను. నా మాట నాకే గాలిలా వినిపించింది. "నీ కూతుర్ని పంపు. చాటుగా కాదు, వీధి మధ్య నుంచి నువ్వే తీసుకురా."

మేక తాడు నా చేతికివ్వబోతూ, "ఇంకేటైనా అడుగమ్మా" అన్నాడు.

"ఇంకేం అడగను."

మర్నాడు తీసుకొచ్చాడు. ఆ పిల్లకు నా మీద ద్వేషం. తమ్ముణ్ని నేనే చంపానని ఇంట్లో చెప్పిన మాట దాని మనసులో దిగబడిపోయింది. పలక నా చేతి నుంచి తీసుకునేది కాదు, నేల మీద పెడితే తీసుకునేది. కానీ అందరికంటే ముందు చదవడం అదే నేర్చుకుంది. నేనంటే ఉన్న పగతోనే నేర్చుకుందేమో.

నాకు త, ద, స సరిగా పలికేవి కావు. కొత్తగా చేరిన చిన్నపిల్లలు నేను పలికినట్టే పలికేవాళ్లు. చలికాలంలో బడుల ఇన్‌స్పెక్టరు వచ్చి, వాళ్ల చదువు విని పగలబడి నవ్వాడు. పక్కనే పంతులు కూడా నవ్వాడు. "ఇదేం తెలుగు? ఈవిడ పిల్లల నోళ్లు పాడుచేస్తోంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఊరి పెద్ద కూతురు లేచి నిలబడింది. వాళ్ల నాన్న గుమ్మంలోనే ఉన్నాడు.

"ఈవిడ పల్లు మావోలు ఊడగొట్టినారు," అంది. "మా నాయిన తల అట్టుకున్నాడు. పంతులు సూత్తా తలుపేసుకున్నాడు. అప్పుడు నవ్వనేదు."

ఊరి పెద్ద బయటికి నడిచి వెళ్లిపోయాడు. నన్ను సమర్థించడానికి ఆ పిల్ల అలా అనలేదు. దాని కళ్లలో నా మీద దయ లేదు. చూసింది చూసినట్టు చెప్పింది, అంతే. ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపి వెళ్లాడు కానీ, నేను పాఠం చెప్పడానికి పనికిరానని పైవాళ్లకు చెప్పనే చెప్పాడు. ఎండలు ముదరకముందే నన్ను కిందికి పిలిపించి, హాస్టలు వంటలు చూసుకోమన్నారు. పంతులును ఎవరూ కదపలేదు.

ఊరి పెద్ద కూతురికి ఆ ఏడే పెళ్లి చేసేశారు. మొదట వచ్చిన పిల్లను మాత్రం తల్లి నాతో పంపింది. నా దగ్గరే హాస్టల్లో ఉండి చదువుకుని, పంతులమ్మ చదువు కూడా ముగించి, తిరిగి ఆ ఊరికే వెళ్లింది. పశువులశాలను ఇవ్వనని ఊరి పెద్ద ముందే చెప్పాడట. ఆమె అడగనే లేదు. తల్లి ఇంటి అరుగు మీద బడి పెట్టింది. అది వాళ్ల సొంత అరుగు, లెమ్మనడానికి ఎవరికీ హక్కు లేదు.