వాటాదారుని పక్క సీటు

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. పనిచేసే కంపెనీలో వాటా దొరికిన మొదటి మనిషిని కూడా నేనే. మొయినాబాద్‌లో కూరగాయలను శుభ్రపరిచి, ప్యాకెట్లు కట్టి, నగరంలోని దుకాణాలకు పంపే సంస్థలో నాణ్యత పరిశీలకునిగా పనిచేస్తున్నాను. కొంతకాలం క్రితం సంస్థ మా ఆఫీసు సిబ్బందికి తన షేర్లు కొన్ని ఇచ్చింది. దినకూలీకి కూరగాయలు ఏరే ఆడవాళ్లకు ఇవ్వలేదు.

అదే నెలలో, ఖర్చు తగ్గింపు పేరిట, చేవెళ్ల నుంచి వాళ్లను తీసుకొచ్చే కంపెనీ బస్సును ఆపేశారు. నేనూ ఆ బస్సులోనే వెళ్లేవాణ్ణి. ఇద్దరి సీటులో ముగ్గురం సర్దుకునేవాళ్లం. మా ఊరి అవ్వ ఒకామె ఎక్కగానే, "జరుగు బిడ్డా, నీ సీటేమన్న అరిగిపోతదా?" అంటూ నన్ను కిటికీ వైపు నెట్టి, తన సద్దిడబ్బా నా ఒళ్లో పెట్టేది. దాని వెచ్చదనం మొయినాబాద్ దాకా నా మోకాళ్ల మీద ఉండేది. బస్సు రద్దయ్యాక వాళ్లు రెండు ఆటోలు మారి రావలసి వచ్చింది. నేను బండి కొనుక్కున్నాను. హెల్మెట్ లోపల మాట్లాడుకోవడానికి ఎవరూ ఉండరు.

షేర్ల సంగతి మా నాన్నకు చెప్పాను; బాపు అంటాం ఆయనను. మా సేద్యపు బాయి నీళ్లలో బాపుకూ, ఆయన తమ్ముళ్లిద్దరికీ వంతులున్నాయి. మోటారు కాలితే ముగ్గురూ ఒడ్డున కూర్చుని తేల్చుకుంటారు. వంతు ఉన్నవానికి మాట ఉంటుంది. వాటా అంటే ఆయనకు తెలిసింది అదే.

"నీ వంతు ఎన్నొద్దులకొస్తది?"

"యాడాదికోసారి మీటింగుంటది బాపూ. ఫోన్లనే మాట్లాడొచ్చు."

"యాడాదికోసారా! గదేం బాయిరా? గప్పటిదాంక చేను ఎండదా?" అని నవ్వి, "సరే, వంతున్నది గద. బస్సు సంగతి అడుగు," అన్నాడు.

అది నాకు న్యాయంగానే తోచింది. ఆఫీసులో నా పక్కన కూర్చునే అతను మాత్రం, "అన్నా, షేర్లు ఇచ్చింది అమ్ముకోనీకి. అడగనీకి గాదు," అన్నాడు.

సమావేశం రోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సిగ్నల్ బాగుంటుందని బాయి దగ్గర మోటారు గది మెట్టు మీద కూర్చున్నాను. ఆ రోజు నీళ్ల వంతు బాపుదే. టమాట మళ్లకు నీళ్లు పారుతున్నాయి. ఫోనులో నన్ను పిలవగానే బాపు నేనడగకుండానే మోటారు బంద్ చేశాడు.

"నేను ఈ సంస్థలో ఉద్యోగిని, వాటాదారుని కూడా. బస్సు ఆగినప్పటి నుంచి పనివాళ్లు ఆలస్యంగా చేరుతున్నారు, సరుకు వాడిపోతున్నది. బస్సును తిరిగి నడపవలసిందిగా కోరుతున్నాను."

పరిశీలిస్తామని చెప్పి, అధ్యక్షుడు మరొకరిని పిలిచాడు. కాలువలో మిగిలిన నీళ్లు ఇంకకముందే నా వంతు అయిపోయింది.

మర్నాడు క్యాంటీన్‌లో అడుగుపెట్టగానే ఎవరో, "ఓనర్ సాబ్ వచ్చిండు, లేవుండ్రి!" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాతి రోజు ఆ హాస్యం లేదు. నా బల్ల దగ్గర కుర్చీలూ నిండలేదు. పేరు పెట్టి పిలిచే మేనేజరు పేరు చివర 'గారు' చేర్చాడు.

కొన్ని వారాలకు బస్సు మళ్లీ వచ్చింది. ఆ పొద్దున బండిని ఇంట్లోనే వదిలి, అందరికన్నా ముందే స్టాపులో నిలబడ్డాను. ఎక్కి నా పాత సీటులో కూర్చున్నాను. అవ్వ ఎక్కడం చూసి, ఆమె అనకముందే కిటికీ వైపు జరిగాను.

ఆమె సద్దిడబ్బా పట్టుకుని పక్కనే నిలబడిపోయింది.

"కూసో అవ్వా."

"వద్దు సారూ, నువ్వు మంచిగ కూసో. నీ పుణ్యాన బస్సొచ్చింది. మేం ఎన్కకు పోతం."

"సారేంది అవ్వా? నన్ను జరగమనవా?"

"గట్లెట్ల అంట బిడ్డా... సారూ. కంపెనీల వంతున్నోనివి," అని నవ్వి, వెనక్కి వెళ్లిపోయింది.

వెనుక సీట్లలో ముగ్గురేసి, నలుగురేసి ఇరుక్కున్నారు. ఎవరో డబ్బా మూత తీశారు; చింతకాయ తొక్కు వాసన వచ్చింది. ఒకామె ఇంకొకామె కొత్త చెప్పులను ఆటపట్టిస్తున్నది. నా పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు. మొయినాబాద్ వచ్చేవరకు నేను కిటికీకి ఆనుకునే ఉన్నాను, ఎవరైనా వస్తే ఇబ్బంది కాకూడదని.