నా మిషన్ జరిపించిన అక్క

మా సూపర్‌వైజర్ అక్క పోయిన వారం గుండెపోటుతో కన్నుమూసింది. ఫ్యాక్టరీలో నా పక్క మిషన్ మీద కుట్టే అమ్మాయి ఫోన్ చేసి చెబితే, స్టవ్ ఆపేసి అక్కడే నిలబడిపోయాను. మీలో ఎవరూ ఆమెను ఎరగరు. నేనీ రోజు భయం లేకుండా అన్నం తింటున్నానంటే మాత్రం ఆమె చలవే.

బొమ్మనహళ్ళిలో ఒక బట్టల ఫ్యాక్టరీలో నేను చొక్కాల కాలర్లు కుడతాను. కొన్నేళ్ళ కిందట ఏది తిన్నా కడుపు ఉబ్బేది, మెలిపెట్టేది. గంటకోసారి బాత్రూమ్‌కు పరుగు. నేను లేచినప్పుడల్లా కాలర్లు అందక నా వెనక లైనంతా ఆగేది. భయపడి పొద్దున తినడం మానేశాను. ఒకరోజు ఫ్లోర్ మేనేజర్ అందరి ముందూ రేపట్నుంచి రావద్దని అరిచాడు.

అక్క మధ్యలోకి వచ్చింది. "ఆ పాపకు ఒంట్లో బాగలేదు సార్. టార్గెట్ తక్కువైతే నన్నడగండి, నేనుండాను."

ఆ మధ్యాహ్నమే నా మిషన్‌ను బాత్రూమ్ పక్కకు జరిపించింది. తర్వాత వచ్చి, "ఎన్నాళ్ళ నుంచి ఉండాది మే ఇది?" అని మెల్లగా అడిగింది.

"చెప్పుకోడానికి సిగ్గక్కా."

"కాలు నొస్తే చెప్పవా? కడుపు మాత్రం నీది కాదా?"

సెలవు పెట్టించి తానే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పరీక్షలన్నీ చేసి, పెద్ద జబ్బేమీ లేదు, ఐబీఎస్ అనే పేగుల ఇబ్బంది అన్నాడు డాక్టర్. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు కొన్ని వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటే తిని చూడమన్నాడు. పేగులకు మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న క్యాప్సూల్స్ కూడా రాశాడు. "అందరికీ పనిచేస్తాయని చెప్పలేను, చూద్దాం" అన్నాడు.

బయటికి రాగానే, "పురుగుల్ని మింగాలా అక్కా?" అన్నాను.

"పెరుగులో ఉండేటివి ఏంది మరి? కడుపుకు తోడేసినామనుకో."

నాకు తోడుగా ఆమె కూడా ఉల్లి లేని పప్పే తెచ్చుకునేది. అయితే ఒకరోజు క్యాంటీన్ వెనక ఉల్లి బోండా తింటూ నాకు దొరికిపోయింది. "నాకు ఐబీఎస్ లేదు కదా మే!" అని నోటి నిండా బోండాతో నవ్వింది. నేనూ నవ్వాను. చాలా రోజులకు నొప్పితో కాక నవ్వుతో కడుపు పట్టుకున్నాను.

కొన్ని వారాలకు ఉబ్బరం తగ్గింది. క్యాప్సూల్స్ వల్లో, తిండి మార్చడం వల్లో నాకు తెలియదు. ఆపినవి ఒక్కొక్కటే తిని చూస్తే, చపాతీ కొంచెం పడింది, ఉల్లి పడింది. వెల్లుల్లి తిన్న రోజు మళ్ళీ మెలిపెడితే, అంతా మొదటికొచ్చిందని ఏడ్చాను. "ఒకటి పడలేదు, అంతే. పడేటివి తిను" అంది అక్క. అలాగే తిన్నాను. పొద్దున తిని పనికెళ్ళడం మళ్ళీ అలవాటైంది.

తర్వాత కొత్తగా చేరిన ప్రతి అమ్మాయినీ అక్క మొదట అడిగేది కడుపు గురించే.

నిన్న, అక్క లేని లైన్లో, ఈ నెలే చేరిన అమ్మాయి మిషన్ ఆపి, "నాకు కడుపులో బాగలేదు, వెళ్ళొస్తా" అంది, గొంతు తగ్గించకుండా, అందరికీ వినపడేలా. ఎవరూ నవ్వలేదు. పక్కనున్నామె చెయ్యి చాపి ఆ అమ్మాయి కాలర్ల కట్టను తన ముందుకు లాక్కుని కుట్టడం మొదలుపెట్టింది.