సొరబుర్రలో పోసిన మందు

పురుగుల మందు మా ఊరికి కొత్తగా వచ్చిన రోజులవి. అంతకుముందు మిరపకు ముడత తగిలితే బూడిద చల్లేవాళ్లు, తగ్గకపోతే దేవుడికి వదిలేసేవాళ్లు. అరవైల మొదట్లో హన్మకొండ నుంచి చిన్న చిన్న రేకు డబ్బాలు రావడం మొదలైంది. మూత తీస్తే కిరసనాయిలు లాంటి ఘాటు వాసన. నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడేది. మా అత్త ఆ డబ్బాను గడప దాటనిచ్చేది కాదు. చేని దగ్గర గుడిసె చూరులోనే దోపి ఉంచేది.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. ధర్మసాగర్‌కు రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊరికి కోడలిగా వచ్చి రెండేళ్లయింది. మామ పోయి చాలా కాలమైంది. మా ఆయన కాజీపేటలో రైలు పట్టాల పని చేస్తూ వారానికోసారి వచ్చేవాడు. మిగతా రోజులన్నీ ఇంట్లో అత్త, నేను.

మా చేని పక్క చేను ఇద్దరు అన్నదమ్ములది. ఇద్దరికీ ఒకటే బావి. అన్నకు యాభై దాటాయి, ఎదిగిన కొడుకులున్నారు, ఊళ్లో అందరూ పెద్దాయన అనేవాళ్లు, ఆయన మాటకు ఎదురు లేదు. తమ్ముడికి ముప్పై లోపే. తమ్ముడి భార్యది నా ఈడే. నన్ను అక్కా అని పిలిచేది. అప్పటికి ఆమెకు మూడో నెల. ఆ ఏడాది తమ్ముడు వేరు పడతానన్నాడు. పెద్దమనుషులు చేను పంచితే బావి ఉన్న చెక్క తమ్ముడికి వచ్చింది. అన్న పంచాయితీలో ఒక్క మాట కూడా అనలేదట. అందరూ ఆయన పెద్దరికాన్ని మెచ్చుకున్నారు.

తర్వాత పది రోజులకు, పట్టపగలు, నేను పుంటికూర తెంపుకుందామని జొన్నచేని గట్టు వెంట పోతున్నాను. బావి ఒడ్డున అన్న గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందర సొరబుర్ర, చేతిలో రేకు డబ్బా. డబ్బాలోది బుర్రలో పోశాడు. మూతికి ఆకు చుట్టి, బుర్రను రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా ఊపాడు. మందు కలిపితే కుండలో కలుపుతారు, బకెట్లో కలుపుతారు. ఆ సొరబుర్ర మాత్రం తమ్ముడు కల్లు తాగేది. ఇంకోటి కాదు, దాని మెడకు ఎర్రదారం ఉండేది. నాకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కాకుండానే ఒళ్లు చల్లబడింది. వెనక్కి తిరిగి వంగి వంగి నడిచాను. ఎండిన జొన్న ఆకులు నా భుజాలకు రాసుకుని గలగలమన్నాయి. ఆయన తలెత్తాడో లేదో చూసే ధైర్యం చేయలేదు.

పొద్దు వాలే వేళకు కేకలు వినిపించాయి. తమ్ముడు మిరప మడిలో పడి కొట్టుకుంటున్నాడు, నోటి వెంట నురగ. మంచం మీద ఊళ్లోకి మోసుకొచ్చేసరికే ప్రాణం పోయింది. పాము కరిచిందని అన్న తల బాదుకుని ఏడ్చాడు. చీలమండ దగ్గర రెండు గాట్లు అందరికీ చూపించాడు. ఆడవాళ్ల వెనక నిలబడి నేనూ చూశాను. శవం దగ్గర కల్లు వాసన, దాని కింద కిరసనాయిలు వాసన. చుట్టూ ఉన్న ఏ ముఖంలోనూ అనుమానం లేదు. పోలీసు పటేలు కూడా వచ్చి పామే అన్నాడు. ఆయన పెద్దాయనతో రోజూ కూర్చుని చుట్ట తాగే మనిషి. మరిపెడ అవతల నుంచి తమ్ముడి భార్య తల్లిగారివాళ్లు వచ్చేదాకా కూడా ఆగకుండా మరునాడు పొద్దున్నే దహనం చేసేశారు.

వారం గడిచాక అన్న మా ఇంటికి వచ్చాడు. అత్త బయటికి పోయింది. నేను మిరపకాయలు ఆరబోస్తున్నాను. అరుగు మీద కూర్చుని, ఈసారి కాయ బాగుందన్నాడు. ఒక కాయ తీసి తొడిమ తుంచాడు.

"ఆ దినం జొన్నచేను కాడ కనవడ్డది నువ్వేనా కోడలా?"

నేను చేతిలోని కాయలనే చూస్తూ, ఆ రోజు ఒంట్లో బాగాలేక ఇల్లు కదలలేదని చెప్పాను. నా గొంతు నాకే వేరేవాళ్ల గొంతులా వినిపించింది. ఆయన లేచి కండువా దులుపుకున్నాడు.

"పాములు తిరుగుతానయ్. జర పైలం" అని మెల్లగా నడిచి పోయాడు.

ఆ రోజు నుంచి నాకు తిండి సయించలేదు. కడవ నీళ్లు కూడా ముందు వాసన చూసి, తర్వాత తాగేదాన్ని. అన్నం వాసన చూసేదాన్ని, మజ్జిగ వాసన చూసేదాన్ని. చేనికి పోతే గుడిసె గోడకు వీపు ఆనించి కూర్చునేదాన్ని. మా ఆయన వచ్చినప్పుడు చెప్పాలనుకుని మానుకున్నాను. ఆయన కోపిష్టి. వెళ్లి కొట్లాడితే వారమంతా ఇక్కడ ఉండేది మేమిద్దరమే.

చివరికి అత్తే పట్టుకుంది. మిరపకాయ ఏరుతూ ఏరుతూ, అన్నం ముందర కుక్కలెక్క వాసన ఎందుకు చూస్తున్నావని అడిగింది. అంతా చెప్పేశాను. ఆమె చేయి ఆగలేదు. సాలు చివరిదాకా ఏరింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పీనుగకు తానం పోసినప్పుడు నేనే కాళ్లు కడిగిన. గాటుల తుమ్మముల్లు మొన ఇరిగి ఉన్నది. పాముకు ముండ్లుంటయా?"

ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు. నాలాగే భయపడి ఊరుకుంది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఇద్దరం నెల రోజులు ఆ భయాన్ని ఒకరికొకరం దాచుకున్నాం.

ఇంకా ఎంతకాలం దాచుకునేవాళ్లమో తెలియదు. ఒకరోజు తమ్ముడి భార్య, కడుపుతో ఉన్న ఆ పిల్ల, మా వాకిట్లోకి వచ్చి కూర్చుంది. ముఖం పీక్కుపోయింది. బావ తనను బిడ్డలా చూసుకుంటున్నాడని, కడుపు నిలబడటానికి కషాయం తెచ్చి ఇస్తున్నాడని చెప్పింది. ఆ పొద్దున ఒక గుక్క తాగగానే వాంతి అయిందట. "గాసునూనె వాసనొస్తాందక్కా" అంది. అదే కిరసనాయిలు వాసన. నేను అత్త ముఖం చూశాను. పుట్టేది మగపిల్లవాడైతే బావి చెక్క వాడికే పోతుంది.

అత్త ఆ పిల్లకు ఏమీ చెప్పలేదు. మిగిలిన కషాయం పారబోయకుండా సీసాలో పోసి దాచమని, ఆ ఇంట్లో ఇంకేమీ ముట్టవద్దని మాత్రం అంది. మరునాడు పొద్దున్నే తానే పెద్దాయన దగ్గరకు వెళ్లింది. పిల్లకు కాళ్లు వాచాయని, హన్మకొండ దవాఖానలో చూపించకపోతే ఊరు ఆయననే అంటుందని చెప్పింది. ఆయన బండి తానే కడతానన్నాడు.

ఆ ప్రయాణం నాకు ఈనాటికీ గుర్తుంది. ముందర ఆయన వీపు. వెనక గడ్డి మీద మేము ముగ్గురం. నడుమ పిల్ల, ఆమె నడుముకు కొంగులో చుట్టిన సీసా. బండి గుంతలో పడ్డప్పుడల్లా అది మొలలోని తాళాలకు తగిలి టిక్కుమనేది. నేను దగ్గేదాన్ని. అత్త మాత్రం వానల గురించి, పాలకుర్తి గుట్ట ఎక్కలేక కిందటేడు తాను పడ్డ అవస్థ గురించి ఆగకుండా మాట్లాడింది. ఆయన ఊ కొట్టాడు.

చెరువు కట్ట కింద, మనిషి అలికిడి లేని చోట, ఆయన బండి ఆపాడు. ఎడ్లను విప్పి నీళ్లకు వదిలాడు. తర్వాత బండి కింద వేలాడుతున్న బుర్ర విప్పి తెచ్చి, దూపయితాంది గదా, తాగుమని ఆ పిల్ల ముందు పెట్టాడు. ఆమె నా చేయి పట్టుకుంది. గోళ్లు దిగాయి. అత్త ఆ బుర్రను అందుకుంది.

"ఎండల బండి తోలేది నువ్వు. ముందుగాల నువ్వు తాగు తమ్మీ" అంది.

ఆయన ఆమె కళ్లలోకి చూశాడు. ఎంతసేపు చూశాడో నేను చెప్పలేను. తర్వాత బుర్ర ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, మళ్లీ ఎడ్లు కట్టాడు. అవి ఉత్త నీళ్లే. ఆ నీళ్లు మంచివి కావడం నాకు ధైర్యం ఇవ్వలేదు. మా అనుమానం ఆయనకు తెలిసిపోయిందని మాత్రం అర్థమైంది. అక్కడి నుంచి హన్మకొండ దాకా పిల్ల నా చేయి వదలలేదు.

దవాఖానలో మగవాళ్లను లోపలికి రానివ్వలేదు. డాక్టరమ్మ బల్ల మీద పిల్ల ఆ సీసా పెట్టింది. అత్త చెప్పింది, నేనూ చెప్పాను. అప్పటిదాకా కషాయం సంగతి తప్ప ఏమీ తెలియని ఆ పిల్ల, తన మొగుడు ఎట్లా చచ్చిపోయాడో మా నోటి వెంటే విన్నది. ఏడవలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. డాక్టరమ్మ మూత తీసి వాసన చూసి, నర్సును ఠాణాకు పంపింది. కిటికీలోంచి చూస్తే ఆయన బండి నీడన కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు. జవాన్లు వచ్చినప్పుడు పారిపోలేదు. ఎడ్లకు గడ్డి వేసి వస్తానన్నాడు. వేసి వచ్చాడు.

తమ్ముడి చావు రుజువు కాలేదు. శరీరమే లేదు. సీసాలో విషం ఉందని పట్నం నుంచి కాగితం వచ్చింది కాబట్టి దానికి శిక్ష పడింది. వరంగల్ కోర్టులో నేను సాక్ష్యం చెప్పిన రోజు ఆయన నన్నొక్కసారి చూసి తల తిప్పుకున్నాడు. నేను బోను కటకటాన్ని పట్టుకుని చూసింది చూసినట్టు చెప్పాను. ఆ పిల్ల మరిపెడ అవతలి తల్లిగారింట్లో ఆడపిల్లను కన్నది. మళ్లీ మా ఊళ్లో అడుగు పెట్టలేదు. ఆమె అన్నలు వచ్చి చెక్క కౌలుకిచ్చి పోయారు.

అరవైలు ముగిసేలోపే ఆయన శిక్ష పూర్తి చేసుకుని తిరిగి వచ్చాడు. అదే ఇల్లు, మా వాకిలికి పది ఇండ్ల అవతల. మా ఆయన వెంటనే కాజీపేటలో ఒక గది చూసి, మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చాడు. నేను ఆ పూటే మూట కట్టాను. అత్త కదలలేదు. బతిమాలాను. భయం కాదా అత్తా అని అడిగాను.

"భయం గాకేంది. పొద్దున లేత్తే ఆయన మొకమే జూడాలె" అంది. "అయితే గీ సేను ఎవలు జేత్తరు?"

మా ఆయన మూట బస్సు పైన వేశాడు. కిటికీలోంచి చూస్తే అత్త అప్పటికే కొంగు నడుముకు చుట్టి, కొడవలి తీసుకుని చేని దిక్కు నడుస్తోంది. ఆ ఇంటి ముందు నుంచే పోవాలి. ఆయన అరుగు మీద ఉన్నాడు. ఆమె అడుగు వేగం పెంచలేదు, తగ్గించలేదు.