చాట అంచు మీద చూపు

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా ఇంట్లో రేషన్ స్టోరు బియ్యమే వండేవాళ్ళు. వాటి నిండా తెల్లపురుగులు. ఏరే పని మా అవ్వది. ఒక ఆదివారం మధ్యాహ్నం పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, పళ్ళ కింద ఏదో మెత్తగా చిట్లింది. ఉమ్మి చూస్తే సగం పురుగు. మిగతా సగం అప్పటికే గొంతు దిగిపోయింది.

పురుగు కనపడలేదని అవ్వ అంటే, మా పెద్దమ్మ ఆమె మీద విరుచుకుపడింది. "వాకిట్లోకి కోడి వస్తే కనపడ్తాది, చాటలో పురుగు కనపడదా? అంతా దొంగేషాలు" అంది. మర్నాడు పొద్దున బస్సుకే రుద్రవరంలో ఉండే అవ్వ కూతురింటికి పంపేస్తానంది. ఆ కూతురు అవ్వతో మాట్లాడక చాలా కాలమైంది. అవ్వ చీరలు మూట కట్టుకోసాగింది. పెద్దమ్మ అవ్వ ముంచుకున్న బిందెలో నీళ్ళు కూడా మురికైపోయాయని పారబోసింది. నాకు పురుగు కంటే అది చూస్తేనే ఎక్కువ రోత పుట్టింది.

గొడవ విని పక్కింటి అక్క వచ్చింది. బడిలో సైన్సు చెప్పేది. అవ్వను నాలుగు మాటలు అడిగి, చాటలో బియ్యం పోసి పెద్దమ్మ ముందు పెట్టింది.

"చూపు చాట అంచు మీదనే పెట్టు పెద్దమ్మా. కండ్లు కదపకుండా పురుగులు ఏరు, సూద్దాం."

పెద్దమ్మ అంచునే చూస్తూ చాలాసేపు తడిమింది. తీసిందల్లా బియ్యపు గింజలే. పురుగులు చాటలోనే పాకుతున్నాయి.

"కంటి లోపల, వెనక పొర మీద సన్న గుంట ఉంటాది. మనం సూటిగా చూసేది ఆడ పడితేనే తేటగా కనపడ్తాది. అవ్వకు ఆ గుంట కాడ చెడింది. పక్కన వచ్చే కోడి కనపడ్తాది, ఎదురుగా ఉండే పురుగు కనపడదు" అంది అక్క.

పెద్దమ్మ తప్పయిందని అనలేదు, అనే మనిషీ కాదు. బస్సు మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. బియ్యం ఏరే పని నాకు పడింది.

ఆ సాయంత్రం అవ్వ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. మాట్లాడినంతసేపూ నా చెవి వైపే చూస్తోంది. ఎందుకని అడిగాను.

"నీ చెవి దిక్కు చూస్తేనే నీ మొగం కొంచెమన్నా కనపడ్తాది పాపా."

శుభ్రం పేరు చెప్పి మనుషుల్ని ఈసడించేవాళ్ళంటే నాకు ఈనాటికీ అసహ్యమే. ముసలివాళ్ళెవరైనా నా పక్కకు చూస్తూ మాట్లాడితే మాత్రం, నేను తల కదపకుండా కూర్చుంటాను.