ఎడమవైపు తిరిగిన పిల్ల

పసిపిల్లల బడిలో ఆ టీచరమ్మకు చెవి వెనక చాక్‌పీసు, నోట్లో "నే చెప్పినట్టు చెయ్యండి" అన్న మాట ఎప్పుడూ ఉండేవి. ఆ రోజు భూమి ఎలా తిరుగుతుందో చూపిద్దామని, కిటికీయే సూర్యుడనుకోమని చెప్పి పిల్లలందర్నీ కుడివైపు గిరగిరా తిప్పింది. అందరిలోకీ చిన్నదైన చిట్టి ఒక్కతే ఎడమవైపు తిరిగింది. "లోకమంతా ఒకవైపు, నువ్వొకవైపునా తల్లీ?" అంటూ టీచరమ్మ దాని వీపు మీద ఒక్కటి చరిచింది. సాయంత్రం టీచరమ్మ ఇంట్లో లైటు ముందు నారింజను తిప్పి చూసుకుంది. తను చెప్పినట్టే తిరిగితే సూర్యుడు పడమట ఉదయించాలి!

మర్నాడు చిట్టి గుమ్మంలోనే ఎదురై, బుద్ధిగా కుడివైపు తిరిగి చూపించింది. "ఇప్పుడు సరిగ్గా తిరిగానా టీచర్? కొట్టరుగా?" టీచరమ్మ పిల్లలందరూ చూస్తుండగా నేలమీద చతికిలబడి, "నిన్న నువ్వే సరిగ్గా తిరిగావే బంగారం. తప్పు నాది. ఏదీ, నాకు నేర్పు" అంది. చిట్టి నమ్మలేదు. వీపు గోడకు ఆనించుకుని నిలబడింది.